వెనకవైపు పెన్సిల్‌తో 60

"ఫోటోలు కడిగించాలి" అంటాం మనం. రీలును డెవలపర్‌లో తిప్పడం, నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో పెట్టి కాగితం మీదకు వెలుగు దించడం, బొమ్మను నిలబెట్టే హైపో అనే మందులో ముంచడం అన్నీ ఆ ఒక్క మాటలో సర్దుకుపోతాయి. డార్క్‌రూమ్‌లో పనిచేసినవాళ్లకు మాత్రం కడగడం అంటే అచ్చంగా నీళ్లతో కడగడమే. అది అన్నిటికన్నా చివర వస్తుంది, అన్నిటికన్నా ఎక్కువసేపు పడుతుంది. దాన్ని చూడటానికి ఎవరూ రారు.

మా మామయ్య డార్క్‌రూమ్‌లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అదే. ఎర్రదీపం కింద తెల్లకాగితం మీద ముందు జుట్టు, తర్వాత కనుబొమలు, ఆ తర్వాత మొహం తేలుతుంటే చూడటానికి పిల్లలందరం తోసుకునేవాళ్లం. ప్రింటు హైపోలో పడి, మామయ్య మామూలు లైటు వేసేసరికి మాయ కాస్తా తీరిపోయేది. ఒక్కొక్కరే జారుకునేవారు. "కడగడానికి ఎవరుంటారు?" అని ఆయన అడిగేవాడు. ఒకరోజు నేనున్నాను. ఆ ఉండటం ఏడెనిమిదేళ్లు సాగింది.

పోయిన నెల ఆయన ప్రింట్ల పెట్టె తెరిచాను. మామయ్య ఇప్పుడు లేడు, పెట్టె నా దగ్గరికి వచ్చింది. అందులో ఒకే నెగటివ్ నుంచి తీసిన రెండు ప్రింట్లు ఒకదాని మీద ఒకటి, మధ్యలో పల్చటి కాగితంతో ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని అమ్మ నవ్వుతున్న ఫోటో. ఒకటి నిన్న తీసినట్టుంది. వెలుగు పడిన చెంప మీద లేత బూడిదరంగు అలాగే ఉంది, జుట్టు కారునలుపు. రెండోదాంట్లో చెంప పసుపెక్కింది. నుదుటి మీద వెలుగూ నీడా కలిసేచోట ఉండాల్సిన సన్నని తేడాలన్నీ చెరిగిపోయి, అక్కడ తేనెరంగు మరకలా మిగిలింది. జుట్టు నలుపు కూడా గోధుమరంగుకు తిరిగింది. మొదటిది అంచులు కత్తిరించి నీటుగా ఉంది. రెండోదానికి చుట్టూ వేలెడు తెల్ల మార్జిన్ ఇంకా అలాగే ఉంది, కింది మూలన చిటికెనవేలి గోరంత మచ్చతో సహా. ఎప్పుడో ఏదో ఒలికి ఉంటుందనుకున్నాను.

రెండూ వెనక్కి తిప్పాను. మొదటిదాని వెనక మామయ్య చేతిరాతలో, మెత్తటి పెన్సిల్‌తో 60. రెండోదాని వెనక నా చేతిరాతలో అదే 60.

ఆ అంకె కథ చెప్పాలి. ప్రతి ప్రింటూ ఆరాక, అది నీళ్లలో ఎన్ని నిమిషాలు ఉందో వెనక మూలన రాయడం మామయ్య అలవాటు. తేదీ రాయకపోయినా ఊరుకునేవాడు గానీ నిమిషాలు రాయకపోతే ఊరుకునేవాడు కాదు. ఫోటోలో ఎవరున్నారో చూస్తే తెలుస్తుంది, ఎంతసేపు కడిగామో చూస్తే తెలియదు కదా అనేవాడు.

ఆయన వాడింది పాతకాలపు బ్రోమైడ్ పేపర్. కింద అసలు సిసలు కాగితం, దాని మీద బెరైటా అనే తెల్లటి బేరియం సల్ఫేట్ పూత, ఆ పైన జెలటిన్‌లో వెండి. ఆ కాగితం నీళ్లు తాగినట్టే హైపోనూ తాగుతుంది. నానితే తడిబట్టలా బరువెక్కేది. ఒక మూల పట్టుకుని ఎత్తితే తన బరువుకు తనే వంగి నెలవంకలాంటి నొక్కు పడేది. ఆ నొక్కు ఇక జన్మలో పోదు. అందుకని ఎదురెదురు మూలలు రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డను స్నానం చేయించి ఎత్తినట్టు ఎత్తాలి. ఉబ్బిన జెలటిన్ మీద గోరు తగిలిందా, గీత పడినట్టే. మామయ్య నా గోళ్లు తనే చూసి కత్తిరించుకోమని పంపేవాడు.

పద్ధతి చూడటానికి సులువే. పెద్ద ట్రేలో 12 ప్రింట్లు. అడుగున ఉన్నదాన్ని తీసి పైన వెయ్యాలి, మళ్లీ అడుగుదాన్ని తీసి పైన వెయ్యాలి. పేక కలిపినట్టే గానీ నీళ్లలో, తొందర లేకుండా. అన్నీ తిరిగాక నీళ్లు పూర్తిగా పారబోసి కొత్తవి పట్టాలి. 5 నిమిషాలకొక మార్పు చొప్పున 12 మార్పులు. రెండు ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుపోతే ఆ మధ్యకు నీళ్లు వెళ్లవు. గంటసేపు ట్రేలోనే ఉన్నా ఆ రెండూ కడగనట్టే లెక్క. ఆఖర్లో ఎవరైనా ఇంకో ప్రింటు తెచ్చి, హైపో కారుతుండగానే, ఇదే ట్రేలో పడేస్తే అప్పటిదాకా కడిగిన 12 కూడా మొదటికి వస్తాయి. ఆ తప్పు నేను రెండుసార్లు చేశాను. రెండుసార్లూ మామయ్య తిట్టలేదు, గడియారం వైపు చూసి "మొదటినుంచి" అన్నాడు. తిట్టి ఉంటేనే బాగుండేది.

కొళాయి ధార కింద పెట్టేస్తే పోదా అని అడిగాను ఒకసారి. ధార చూడటానికే హడావిడి అన్నాడు. నీళ్లు దారి దొరికినచోటినుంచే పోతాయి, మూలల్లో కదలవు. అసలు తోసేది ధార కాదు. "కాగితం లోపల హైపో ఉంది, బయట నీళ్లలో లేదు. ఉన్నచోటినుంచి లేనిచోటికి అదే వస్తుంది. బయట కూడా దానితో నిండిపోయాక ఇంకెందుకు వస్తుంది తల్లీ? అందుకే నీళ్లు మార్చాలి." రసాయన శాస్త్రంలో వ్యాపనం పాఠం వచ్చేసరికి నాకు కొత్తగా నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.

నీళ్లు మరీ చల్లగా ఉన్నరోజు ఆ రావడం మందగిస్తుందని వేడినీళ్లు కలిపి 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచేవాడు. వేడి ఎక్కువైతే ఇంకో తంటా, జెలటిన్ మెత్తబడి అంచుల దగ్గర కుచ్చిళ్లలా లేచిపోతుంది. దాన్ని గట్టిపరచడానికి ఫిక్సర్‌లో, అంటే హైపో ద్రావణంలో, పటిక కలిపే ఫార్ములా ఉంది. గట్టిపడ్డ జెలటిన్‌లోంచి హైపో ఆలస్యంగా బయటికి వస్తుంది, అప్పుడు ఇంకాసేపు కడగాలి. డార్క్‌రూమ్‌లో ఏ ఉపకారమూ ఉచితం కాదు.

హైపో అనే పేరే ఒక పొరపాటు. 1819లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త ఈ లవణం వెండి లవణాలను కరిగిస్తుందని కనిపెట్టాడు. అప్పట్లో దాన్ని హైపోసల్ఫైట్ అన్నారు. అది సోడియం థయోసల్ఫేట్ అని రసాయన శాస్త్రం తర్వాత పేరు దిద్దుకుంది గానీ, ఫోటోల వాళ్లు మాత్రం హైపోను వదల్లేదు. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసినప్పుడు, బొమ్మ వెలుగులో నల్లబడిపోకుండా ఆపడానికి హెర్షెల్ చూపించిన మందు ఇదే. వెలుగు తగలని వెండి లవణాన్ని కరిగించి తీసుకుపోతుంది. అది లేకపోతే ఫోటో నిలవదు. పని అయ్యాక అదే ఉండిపోతే కూడా ఫోటో నిలవదు. కాగితంలో మిగిలిన హైపో ఏళ్ల తరబడి మెల్లగా విడిపోయి, అందులోని గంధకం బొమ్మలోని వెండిని పట్టుకుంటుంది. వెండి సామాను నల్లబడటం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫోటోలో వెండి రేణువులు మరీ సన్నవి కాబట్టి నల్లబడటానికి బదులు పసుపు, గోధుమ రంగులకు తిరుగుతాయి. అన్నిటికన్నా సన్నవి లేత రంగుల్లో ఉంటాయి, అందుకే చెంపలూ నుదురూ ముందు పోతాయి.

ఫోటోలు వెలిసిపోతున్నాయన్న గోల కొత్తది కాదు. 1855లోనే లండన్ ఫోటోగ్రఫిక్ సొసైటీ దీని మీద ఒక కమిటీ వేసింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దానికి 50 పౌండ్లు ఇచ్చాడు. అంతమంది పెద్దలు కూర్చుని తేల్చినదాంట్లో ముఖ్యమైనది, హైపో సరిగా కడక్కపోవడమే అన్నిటికన్నా పెద్ద కారణమని. పెద్దయ్యాక ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అదే మాట నాకు రోజూ సాయంత్రం ఉచితంగా వినిపించేది.

కడిగింది చాలా లేదా అని తేల్చడానికి మామయ్య దగ్గర రెండు సీసాలుండేవి. ఒకటి పొటాషియం పర్మాంగనేట్. గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో ఆ మందు కాస్త వేస్తే ఊదారంగు వస్తుంది. నీళ్లలోంచి తీసిన ప్రింటును దాని పైన పట్టుకుని అర నిమిషం చుక్కలు రాలనివ్వాలి. ఆ చుక్కల్లో హైపో ఉంటే ఊదా కాస్తా నారింజకు తిరుగుతుంది, మరీ ఉంటే రంగే పోతుంది. నాకు ఈ పరీక్షంటే ప్రాణం. ఎర్రదీపం కింద బొమ్మ తేలడం తర్వాత ఆ గదిలో రంగు మారే వింత ఇదొక్కటే.

రెండోది గోధుమరంగు సీసా, సిల్వర్ నైట్రేట్, కొంచెం ఎసిటిక్ ఆమ్లంతో. అది ఎవరూ ముట్టకూడదు. ఖరీదైనది, చేతికంటితే రోజుల తరబడి పోని నల్లమరక. ప్రింటు మార్జిన్ మీద, ఎలాగూ కత్తిరించి పారేసే చోట, ఒక్క చుక్క వేసి 2 నిమిషాలు ఆగి అద్దేవాడు. హైపో లేకపోతే మచ్చ దాదాపు కనపడదు. ఉన్నకొద్దీ లేత మీగడరంగు నుంచి ముదురు గోధుమ దాకా పోతుంది. మచ్చ తెల్లగా ఉంటేనే ప్రింటు కట్టర్ మీదకు వెళ్లేది, మార్జిన్ కోసేసేవాడు. ఆ కట్టర్ చప్పుడు వినపడిందంటే ఆరోజు పని అయిపోయినట్టు.

ఇక నా ప్రింటు సంగతి. అమ్మ నవ్వుతున్న నెగటివ్ ఇచ్చి "ఇది మొత్తం నువ్వే చెయ్యి" అన్నాడు మామయ్య. అప్పటికి నాకు పదహారో పదిహేడో. కాగితం చింపిన ముక్కల మీద ఎన్ని సెకన్ల వెలుగు కావాలో చూసుకున్నాను, చెంప మీద చెయ్యి అడ్డం పెట్టి కాస్త వెలుగు తగ్గించాను, డెవలపర్‌లో 2 నిమిషాలు నిజంగా లెక్కపెట్టాను. ఫిక్సర్ ఆయన కలిపినదే, రెండు ట్రేలు. మొదటి ట్రే సగం పని చేస్తుంది, దాదాపు వాడని రెండో ట్రే మిగతాది ముగిస్తుంది. ప్రింటు అద్భుతంగా వచ్చింది. అది నా మాట కాదు, లైటు వేశాక ఆయన చాలాసేపు చూసి, ఏమీ అనకుండా నా తల మీద తడిచేత్తో తట్టాడు. కడిగి ఆరబెట్టమని చెప్పి పడుకోవడానికి వెళ్లాడు.

ఒక్కటే ప్రింటు. పేక కలిపే పని కూడా లేదు. చుట్టూ ఎవరూ లేరు. నాలుగో మార్పు దగ్గర నిద్ర ముంచుకొచ్చింది. 20 నిమిషాలు. గ్లాసులో ఊదానీళ్లు కలిపాను. ప్రింటును ఒకసారి కొళాయి కింద అటూ ఇటూ తిప్పి, గ్లాసు మీద పట్టుకున్నాను. చుక్కలు రాలాయి. ఊదా ఊదాగానే ఉంది.

ఇక్కడ నా తరఫున ఒక్క మాట చెప్పుకుంటాను. ఆ పరీక్ష అబద్ధం చెబుతుందని నాకప్పుడు తెలియదు. అది చెప్పేది ప్రింటు మీదనుంచి జారిన నీళ్ల సంగతే, కాగితం నారల్లో, బెరైటాలో దాక్కున్నదాని సంగతి కాదు. అప్పుడే కొళాయి కింద తిప్పిన ప్రింటు నుంచి శుభ్రమైన నీళ్లే రాలతాయి. అది తెలియదు, నిజమే. కొళాయి కింద ఎందుకు తిప్పానో మాత్రం నాకు బాగా తెలుసు.

పొద్దున ఆరిన ప్రింటు వెనక 60 అని రాశాను. ఎంతసేపు కడిగావని ఆయన అడగలేదు. తిప్పి చూసుకున్నాడు, అంతే. కొన్నాళ్లకు అదే నెగటివ్ నుంచి తనూ ఒకటి తీశాడు, ఎందుకో నేనూ అడగలేదు.

తర్వాత రోజులు మారాయి. రెండువైపులా ప్లాస్టిక్ పూసిన కాగితం వచ్చింది. హైపో లోపలికి ఇంకే దారి లేదు, 2 నిమిషాలు కడిగితే చాలు. మామయ్య ఒక ప్యాకెట్ తెచ్చి, తడిప్రింటును గాలిలో ఊపి, "ఇది నీళ్లు తాగదే" అన్నాడు, ఎవరో అతిథి మంచినీళ్లు వద్దన్నట్టు. దాని వెనక పెన్సిల్ కూడా పట్టదు. ఆ ప్యాకెట్ సగంలో అలాగే ఉండిపోయింది. ఆ రకం కాగితాల్లో తొలినాటివి కొన్ని వెలుగుకు పగుళ్లిచ్చాయని తర్వాత చదివినప్పుడు, ఆయనకు చెబితే ఎంత సంతోషించేవాడో అనిపించింది.

ఆయన సంతోషించని విషయాలూ చదివాను. సముద్రపు నీళ్లలో కడిగితే మంచినీళ్లలోకన్నా హైపో త్వరగా పోతుందని, రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళం వాళ్లకు ఇది పనికొచ్చిందని, చివర్లో ఉప్పు పోవడానికి మంచినీళ్లతో కడిగితే సరిపోతుందని. ఆ ఉప్పు సూత్రం నుంచే సోడియం సల్ఫైట్ ద్రావణం పుట్టింది. లీటరు నీళ్లలో 20 గ్రాములు, అందులో 10 నిమిషాలు ఉంచి తీస్తే గంట కడుగుడు 20 నిమిషాలకు దిగుతుంది. ఇది చదివి పుస్తకం మూసేసి కూర్చున్నాను. సోడియం సల్ఫైట్ డబ్బా మా డార్క్‌రూమ్‌లో, నా కళ్ల ఎదుటి అరలో, అన్నేళ్లూ ఉంది. డెవలపర్ కలపడానికి వాడేవాళ్లం. నా కౌమారంలో సగం సాయంత్రాలు ఆ డబ్బాలో ఉన్నాయి, మూత తీసినవాళ్లు లేరు.

కొన్నిసార్లు మామయ్య ప్రింట్లను రాత్రంతా నానబెట్టేవాడు, అదీ తప్పే. కాగితం బలహీనపడుతుంది, తెల్లదనం కోసం కలిపిన పదార్థం కూడా కరిగిపోతుంది. హైపో ఆనవాలే లేకుండా తుడిచేసిన వెండిని గాలిలోని కలుషితాలు మరింత తేలిగ్గా పాడుచేస్తాయని కూడా తర్వాత తేల్చారు. హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా కలిపి హైపోను నామరూపాల్లేకుండా చేసే పాత ఫార్ములాను అందుకే పక్కన పెట్టారు. ఇంకో వింత, ఏ గంధకం దొంగచాటుగా వచ్చి ఫోటోను తింటుందో, అదే గంధకాన్ని మనమే పిలిచి, వెండినంతా ఒకేసారి సల్ఫైడ్‌గా మార్చేస్తే, అదే ఫోటోకు గోధుమరంగు తెప్పించే సెపియా టోనింగ్. అలా మారిన ఫోటో మామూలు ఫోటోకన్నా గట్టిగా నిలుస్తుంది.

ఇవన్నీ తెలిశాక, పాడైన ప్రింటు ముందు కూర్చుంటే వైద్యుడిలా ప్రవర్తించడం తప్పదు. మార్జిన్ తెల్లగా ఉంది. ఫిక్సర్ పాతబడి ఉంటే వెండి సమ్మేళనాలు కాగితంలోనే చిక్కుకుని తెల్లచోట్లు కూడా పచ్చబడేవి. అలా లేదు, అంటే మామయ్య రెండు ట్రేలు తమ పని తాము చేశాయి. తప్పంతా కడగడంలోనే. అయినా రుజువు కావాలనిపించింది. ఇప్పుడు నా దగ్గరా ఒక గోధుమరంగు సీసా ఉంది. చుక్కల గొట్టంలోకి మందు పీల్చుకుని, కిటికీ తెర వేసి, ఎక్కడ వేద్దామా అని మార్జిన్ వెంబడి చూస్తూ కింది మూలకు వచ్చాను.

అక్కడ ఆ మచ్చ ఉంది కదా. భూతద్దం తెచ్చాను. ఒలికిన మరక ఎటో ఒకవైపు జారుతుంది. ఇది గుండ్రంగా ఉంది. అంచు ముదురుగా, లోపల కాస్త లేతగా, చుట్టూ అద్దినప్పుడు పరుచుకున్న పల్చటి నీడ. మీగడరంగు కాదు, ముదురు గోధుమ. ఆ డార్క్‌రూమ్‌లో ఆ సీసా ముట్టే హక్కు ఒక్కరికే ఉండేది.

మార్జిన్ ఎందుకు కోయలేదో అప్పుడు తట్టింది.

గొట్టంలోని మందు తిరిగి సీసాలో పోయకూడదు, పారబోశాను. పెద్ద ట్రే తీసి, నీళ్లు పట్టి, వేడినీళ్లు కలిపి థర్మామీటర్ 22 దగ్గర నిలిచాక ప్రింటును ముఖం పైకి ఉండేలా మెల్లగా దించాను. ఇప్పుడు కడిగినందువల్ల పోయిన చెంప తిరిగి రాదు, గంధకం పట్టిన వెండిని నీళ్లు విడిపించలేవు. లోపల ఇంకా మిగిలినదేదైనా ఉంటే బయటికి వస్తుంది, అంతే. పాత జెలటిన్ ఎలా ఉంటుందోనని భయపడ్డాను గానీ, తడవగానే మళ్లీ ఆ తడిబట్ట బరువు వచ్చింది. సల్ఫైట్ కలపలేదు. అరలో ఉంది, అయినా కలపలేదు. 5 నిమిషాలకొకసారి నీళ్లు పారబోసి కొత్తవి పట్టాను. నాలుగో మార్పు దగ్గర వేళ్లు ముడతలు పడ్డాయి. ఆ ముడతలు మరిచిపోయాను ఇన్నాళ్లూ. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పన్నెండో మార్పుకు కిటికీలో వెలుగు మారింది.

జల్లెడలాంటి తెర మీద ముఖం కిందకు పెట్టి ఆరబెట్టాను. మర్నాటికి అంచులు కాస్త చుట్టుకుని ఆరింది. మార్జిన్ కోయలేదు. వెనక్కి తిప్పి, మెత్తటి పెన్సిల్ వెతికి తెచ్చి, నా పాత 60 కింద 20 అని రాసి, కూడిక గుర్తు పెట్టి, పక్కన ఇంకో 60 రాశాను.